అలుగు ముడుచుకున్న రోజు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో జంతువులన్నీ వ్యవసాయం చేసేవి. జంతువులు వ్యవసాయం చెయ్యడమేంటి అని ఎవరూ మొదలుపెట్టకండి. కథ చెప్పేది నేను. చేసేవంటే చేసేవి.

అక్కడ గుబురయ్య అనే ఎలుగుబంటి ఉండేవాడు. ఒళ్ళంతా గుబురుగా బొచ్చు, అందుకే ఆ పేరు. గుబురయ్యకి రెండు కొండల నడుమ ఒక సొంత కుంట ఉండేది. కుంట అంటే చిన్న చెరువు. వాళ్ళ తాత వాగుకి అడ్డంగా మట్టి మోసి, గట్టిగా తొక్కి, కట్ట వేశాడు. కట్ట వెనక వాననీళ్ళు నిలిచేవి. ఆ నీళ్ళతో గుబురయ్య అరటితోట పెంచుకునేవాడు.

కట్ట కింద, పల్లంలో, చాలామంది కాపురముండేవారు. కుందేళ్ళు, ముంగిసలు, ఏదుపందులు, కౌజుపిట్టలు. వాళ్ళందరికీ పెద్దదిక్కు చెంగమ్మ అనే కుందేలు. ఆమె నోరు కొంచెం పెద్దది. మనసు ఇంకా పెద్దది.

తాత పోయే ముందు మనవణ్ణి దగ్గరికి పిలిచాడు.

"ఒరే గుబురూ, ఇక ఈ కట్ట నీదేరా. ఒక్కమాట గుర్తుపెట్టుకో. అలుగుని జాగ్రత్తగా చూసుకో. అలుగు తెరుచుకుని ఉన్నంతకాలం కట్టకి భయం లేదు. అది మూసుకుపోయిందా, ఇక కట్ట దక్కదు. అర్థమైందా?" అన్నాడు.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. అలుగు అనే మాట ఒకటే అయినా, అలుగులు రెండున్నాయి. చెరువు నిండాక మిగిలిన నీళ్ళు బయటికి పోవాలి కదా? అందుకని కట్టకి ఒక చివర కాస్త తగ్గులో దారి వదిలి, కింద రాళ్ళు పరుస్తారు. దాన్ని అలుగు అంటారు. అలాగే, ఒంటినిండా పొలుసులుండి, చీమల్నీ చెదల్నీ తిని బతికే ఒక జంతువు ఉంది. దాన్ని కూడా అలుగు అనే అంటారు. పాపం, దానికి భయమెక్కువ. ఎవరైనా 'హుష్' అన్నారంటే చాలు, ముడుచుకుని బంతిలా అయిపోతుంది.

తాత చెప్పింది మొదటి అలుగు గురించి. గుబురయ్యకి తెలిసింది రెండోదే. కట్టకీ, పొలుసుల జంతువుకీ సంబంధమేమిటని వాడికి అనుమానం రాకపోలేదు. అడిగితే తాత చెప్పేవాడే. కానీ అడిగితే తెలివితక్కువవాడు అనుకుంటాడేమోనని గుబురయ్యకి నామోషీ. అందుకని, "ఆఁ, అర్థమైంది తాతా" అని తలూపాడు. తాత నిశ్చింతగా కళ్ళు మూసుకున్నాడు.

అర్థం కాకపోయినా తలూపేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మంట. మీలోనూ ఉన్నారు. పేర్లు చెప్పను.

తాత పోయిన దుఃఖం తీరాక గుబురయ్య అడవంతా తిరిగాడు. తిరిగి తిరిగి ఒక పొద కింద పొలుసమ్మ అనే అలుగుని పట్టుకున్నాడు. వాణ్ణి చూడగానే పొలుసమ్మ ముడుచుకుంది.

"భయపడకు పొలుసత్తా, నేను నిన్ను తినను. నువ్వొచ్చి మా కట్ట మీద ఉండాలి" అన్నాడు గుబురయ్య.

బంతి లోపల్నుంచి మాట వినిపించింది. "ఉండి ఏం చెయ్యాలి?"

"ఏమీ చెయ్యక్కర్లేదు. హాయిగా తెరుచుకుని ఉండు. ముడుచుకోకు. అంతే."

"తిండి?"

"కట్టకి బోలెడు చెదలు పట్టాయి. నీ ఇష్టం."

ఇంత సుఖమైన ఉద్యోగం పొలుసమ్మ కలలో కూడా అనుకోలేదు. వెంటనే వచ్చేసింది. గుబురయ్య కట్ట మీద ఆమెకి ఆకుల పందిరి వేశాడు. పక్కనెవరైనా గట్టిగా తుమ్మినా, "హుష్! మా అలుగు ముడుచుకుంటుంది!" అని కసిరేవాడు.

అలా ఈ అలుగుకి రాజభోగం జరుగుతుంటే, ఆ అలుగుకి ఏం జరిగిందో చూడండి.

ఒకరోజు గుబురయ్య కట్ట మీద నడుస్తూ చివరిదాకా వెళ్ళాడు. అక్కడ కట్ట తగ్గుగా, బురద పేరుకుని కనిపించింది. "పాపం తాత! ముసలితనంలో ఓపిక లేక ఇక్కడ పని పూర్తిచెయ్యకుండానే వదిలేశాడు. ఏటా నీళ్ళన్నీ ఇక్కణ్ణించే పొర్లిపోతున్నాయి" అనుకున్నాడు. బుట్టలకొద్దీ మట్టి మోశాడు. రాళ్ళు పడేశాడు. గట్టిగా తొక్కి, మిగతా కట్టతో సమానం చేసేశాడు. తాత చెయ్యలేని పని తను చేసినందుకు వాడికి పెద్ద గర్వం.

ఇప్పుడు ఆ చివర నీళ్ళు పారవు కాబట్టి, కింద నీళ్ళు పోయే కాలవ ఎండిపోయింది. అందులో మేటవేసిన ఒండ్రు మట్టి వెన్నలా ఉంది. గుబురయ్య ఆ కాలవలో చెరకు వేశాడు. చెరకంటే వాడికి ప్రాణం. చుట్టూ ముళ్ళకంచె కట్టి, "నా కట్ట, నా చెరకు. ఎవరూ ఇటు రాకూడదు" అన్నాడు. సొంతదారు రావద్దన్నాక ఎవరు వెళ్తారు? ఎవరూ వెళ్ళలేదు. అందుకే అటువైపు ఏం జరిగిందో పల్లంలో ఎవరికీ తెలియదు.

చెరకు ఏపుగా పెరిగింది. వానాకాలం వచ్చింది. కుంటలో నీళ్ళు ఎన్నడూ లేనంత పైకి లేచాయి. గుబురయ్య వాటిని చూసుకుని మురిసిపోయాడు.

ఒకనాటి పొద్దున చెంగమ్మ కంచె దగ్గరికి వచ్చింది.

"తమ్ముడూ, కట్ట అడుగున చెమ్మ కనిపిస్తోంది. అలుగు బాగానే ఉందా?" అని అడిగింది.

"నిక్షేపంలా ఉందక్కా!"

"తెరుచుకునే ఉందా?"

"పొద్దున్నుంచీ తెరుచుకునే ఉంది. రెప్ప కూడా వెయ్యలేదు."

రెప్ప వెయ్యడమేమిటో చెంగమ్మకి అర్థం కాలేదు. అడుగుదామనుకుంది. ఎలుగుబంట్ల మాటలు ఎప్పుడూ ఇంతేలే అనుకుని వెళ్ళిపోయింది. చూశారా, ఆమె కూడా అడగలేదు!

వానలు ఇంకా పెరిగాయి. ఒక సాయంత్రం పొలుసమ్మ చెదలు తింటూ తింటూ ఆగింది.

"అల్లుడూ, చెదలు తవ్విన బొరియలు కట్టలో చాలా ఉన్నాయి. మట్టి పెట్టి పూడ్చు. నీళ్ళు వాటిలోకి దూరితే మంచిది కాదు" అంది.

"నువ్వున్నావుగా అత్తా! నువ్వుండగా కట్టకి భయమేంటి?" అన్నాడు గుబురయ్య.

తన మీద అంత నమ్మకం ఉన్నందుకు పొలుసమ్మ సంబరపడింది. బొరియలు మాత్రం అలాగే ఉండిపోయాయి.

మర్నాడు చెంగమ్మ మళ్ళీ వచ్చింది. ఈసారి మొహంలో నవ్వు లేదు.

"తమ్ముడూ, కట్ట అడుగున ఊట పడింది. సన్నగా కారుతోంది. నీళ్ళు తేటగానే ఉన్నాయి కానీ నాకెందుకో భయంగా ఉంది. కంచె తియ్యి. అలుగు నేనొకసారి చూసి వెళ్తాను" అంది.

"అమ్మో, వద్దక్కా! కొత్తవాళ్ళని చూస్తే ముడుచుకుంటుంది!"

"ఏమిటి ముడుచుకునేది?"

"అదే, అలుగు!"

చెంగమ్మకి కోపం ముంచుకొచ్చింది. "పిల్లలు గలదాన్ని, భయపడి వస్తే నాతో వేళాకోళమా? అలుగు ఎక్కడైనా ముడుచుకుంటుందా? నీ కట్ట, నీ అలుగు, నువ్వే ఊరేగు!" అని చెవులు వెనక్కి పెట్టుకుని వెళ్ళిపోయింది. అలుగు పేరు చెప్పి చెంగమ్మ అలిగిందన్నమాట.

ఇక ఆ తర్వాత పడిన వాన మామూలు వాన కాదు. కొండలు కనిపించలేదు. వాగు కుంటలోకి ఉరికింది. కుంటలో నీళ్ళు కట్ట అంచుకి జానెడు దూరంలోకి వచ్చాయి. మిట్టమధ్యాహ్నమే అయినా ఆకాశం నల్లగా ఉంది. ఉన్నట్టుండి కొండ మీద ఫెళ్ళున ఉరిమింది.

పందిట్లో కూర్చున్న పొలుసమ్మ ఠక్కున ముడుచుకుంది.

'అది మూసుకుపోయిందా, ఇక కట్ట దక్కదు.' తాత మాట గుబురయ్య చెవిలో మోగింది. వాడు పొలుసమ్మ ముందు మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"అత్తా! తెరుచుకో అత్తా! నీకు దండం పెడతాను. మా కట్ట పోతుంది!"

"ఉరుములు ఆగాక తెరుచుకుంటా" అంది బంతి.

"చీమలు తెచ్చిపెడతా! ఎర్రవి, పుల్లగా ఉండేవి!"

"ఇప్పుడు ఆకలిగా లేదు."

ఇంతలో చెంగమ్మ ముళ్ళకంచె మీదుగా ఎగిరి దూకింది. అలక గిలక ఏమీ లేదు. తడిసి ముద్దైపోయింది. చెవికి ముల్లు గీరుకుని రక్తం కారుతోంది.

"తమ్ముడూ! ఊట బురదగా మారింది! కట్ట లోపలి మట్టి కొట్టుకొస్తోంది! ఇంత వానకి అలుగు ఎందుకు పారట్లేదు?"

"పారడమా? అది కదలను కూడా కదలట్లేదక్కా! మూసుకుపోయింది!"

"ఎవరు మూశారు?"

"ఎవరూ మూయలేదు. దానంతటదే మూసుకుంది. ఇదిగో, నువ్వే చూడు!"

చెంగమ్మ చూసింది. గుండ్రంగా ముడుచుకున్న పొలుసమ్మని చూసింది. ఏడుపు మొహం పెట్టిన గుబురయ్యని చూసింది. ఆమెకి అంతా అర్థమైంది. ఇంకొక రోజైతే పొట్ట చెక్కలయ్యేలా నవ్వేది. ఆ రోజు నవ్వు రాలేదు.

"ఓరి నా తండ్రీ! కట్ట అలుగంటే ఈవిడనుకున్నావా? కట్ట చివర తగ్గులో, రాళ్ళు పరిచిన దారి ఉండేది చూడు, అదీ అలుగంటే! అదేం చేశావు?"

"పూడ్చేశాను" అన్నాడు గుబురయ్య.

"తవ్వు! ఇప్పుడే తవ్వు!"

గుబురయ్య కట్ట చివరికి పరుగెత్తాడు. తవ్వడానికి చెయ్యెత్తి, కిందికి చూసి ఆగిపోయాడు. కింద చెరకుతోట. ఒక్కో గడ వాడికంటే పొడుగు. నల్లగా, లావుగా, రసంతో బరువెక్కి వంగి ఉన్నాయి. ఇవాళో రేపో నరుకుదామనుకున్నవి. అలుగు తెరిస్తే నీళ్ళు నేరుగా వాటి మీదికే దూకుతాయి.

"అక్కా, ఈ పూట ఆగి చూద్దామా? వాన తగ్గుతుందేమో" అన్నాడు.

"తగ్గకపోతే?" అంది చెంగమ్మ. "మా పిల్లలు ఇంకా కళ్ళు కూడా తెరవలేదు తమ్ముడూ. పల్లానికి రెండు పక్కలా నిట్టనిలువు కొండలు. ఎంతమందిని నోట కరుచుకుని ఎక్కను? కట్ట నీదే, చెరకు నీదే, కాదనను. కట్ట తెగితే వచ్చే ఆ నీళ్ళని కూడా నీ ఇంట్లోనే పెట్టుకోగలవా?"

గుబురయ్య పల్లం వైపు చూశాడు. వానలో చిన్నచిన్న బొరియలు, పొదలు, గూళ్ళు. చెరకు వైపు చూశాడు. మళ్ళీ పల్లం వైపు చూశాడు. అప్పుడు కొండలు దద్దరిల్లేలా ఒక్క కేక పెట్టి, రెండు చేతులా తవ్వడం మొదలుపెట్టాడు. శభాష్ గుబురయ్యా! ఇన్నాళ్ళకి నాకు నచ్చే పని చేశాడు.

కానీ మట్టి గట్టిగా ఉంది. ఎవరు తొక్కారు? వాడే తొక్కాడు. గోళ్ళు అరిగిపోతున్నాయి, మట్టి కదలట్లేదు. "అయ్యో, ఎంత గట్టిగా తొక్కానే!" అని మొత్తుకున్నాడు.

పందిట్లో బంతి మెల్లగా విచ్చుకుంది. ఒక మూతి బయటికొచ్చింది.

"తవ్వడమా? ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా అల్లుడూ! తవ్వడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య" అంది పొలుసమ్మ. బిరబిరా వచ్చి, పొడుగాటి గోళ్ళతో మట్టిని పెళ్ళలు పెళ్ళలుగా పెకిలించింది. ఆమె పెకిలిస్తుంటే గుబురయ్య పెళ్ళలూ రాళ్ళూ ఎత్తి అవతల పారేశాడు.

ఫెళఫెళమని మళ్ళీ ఉరిమింది. గుబురయ్య భయంగా పొలుసమ్మ వైపు చూశాడు. ఆమె ఒళ్ళంతా వణికింది. పొలుసులు గలగలలాడాయి. అయినా ముడుచుకోలేదు.

"ముడుచుకోను! నా పేరు పెట్టుకున్నదాని వల్ల పల్లం మునిగిందంటే నాకెంత తలవంపులు!" అని ఇంకా జోరుగా తవ్వింది.

చెంగమ్మ కిందికి పరుగెత్తి పల్లంలో అందర్నీ కేకేసింది. "ఊట మీద మట్టి కొట్టి మూసేయకండి! ఒకచోట మూస్తే ఇంకోచోట తన్నుకొస్తుంది! ముందు ఇసుక పొయ్యండి! దాని మీద గులకరాళ్ళు! నీళ్ళు బయటికి రావాలి, మట్టి రాకూడదు!" అని అరిచింది. ముంగిసలు ఇసుక తోడాయి. ఏదుపందులు గులకరాళ్ళు దొర్లించాయి. కౌజుపిట్టలు కూడా ముక్కున ఒక్కో రాయి పట్టుకొచ్చాయి.

పైన తవ్వుతున్న పొలుసమ్మ గోరు టక్కుమని మోగింది.

"రాయి తగిలింది!"

గుబురయ్య వంగి చేత్తో తడిమాడు. నున్నటి బండ. పక్కన ఇంకో బండ. దాని పక్కన ఇంకోటి. సందు లేకుండా పేర్చి ఉన్నాయి. అవి తాత పరిచిన రాళ్ళు. ఓపిక లేక పని వదిలేశాడనుకున్న తాత, అందరికంటే ఎక్కువ ఓపిగ్గా చేసిన పని అది.

"తాతా!" అన్నాడు గుబురయ్య. ఆ బండ మీది మట్టిని అరచేత్తో తుడిచాడు.

రాళ్ళు బయటపడేదాకా ఆ దారంతా శుభ్రం చేసి, కుంట వైపు మిగిలిన మట్టిని ఒక్క తోపు తోసి, ఇద్దరూ పక్కకి గెంతారు. ముందు సన్నటి పాయ వచ్చింది. తర్వాత లావుపాటి ధార. ఆ తర్వాత కుంటలో ఎక్కువైన నీళ్ళన్నీ తెల్లగా నురగలు కక్కుతూ అలుగు మీదుగా దూకాయి. మట్టి అయితే కోసుకుపోయేది. కింద తాత రాళ్ళున్నాయి కదా, అవి చెక్కు చెదరలేదు. నీళ్ళు చెరకుతోటని ఊడ్చుకుంటూ, పాత కాలవలో పడి, పల్లానికి దూరంగా కొండ చుట్టూ తిరిగి వెళ్ళిపోయాయి.

గుబురయ్య కళ్ళు నిండిపోయాయి. పొలుసమ్మ చూస్తే, "వాన నీళ్ళు అత్తా" అన్నాడు. ఆమె మర్యాదగా నమ్మింది.

కాసేపటికి కుంటలో నీళ్ళు దిగడం మొదలైంది. కట్ట నిలబడింది. కింద్నుంచి చెంగమ్మ కేక వినిపించింది. "ఊట తేటబడింది! తేటబడిందర్రా!"

పల్లమంతా పైకి చూసింది. తెల్లటి ధార కనిపించింది. పిల్లా పెద్దా గొంతు కలిపి అరిచారు. "అలుగు పారుతోంది! అలుగు పారుతోంది!"

పొలుసమ్మ కంగారుపడింది. "నేనెక్కడ పారుతున్నాను? ఇక్కడే నిలబడ్డానుగా!" అంది.

ఆ మాటకి గుబురయ్య కళ్ళనీళ్ళ మధ్యే పకపకా నవ్వాడు. అది విని చెంగమ్మ నవ్వింది. ఆమెని చూసి పల్లమంతా నవ్వింది. ఆ నవ్వులో ఉరుము కూడా వినపడలేదు. పొలుసమ్మ ముడుచుకోవడం మర్చిపోయింది.

మర్నాడు ఎండ కాసింది. గుబురయ్య ముందుగా ముళ్ళకంచె పీకి పారేశాడు. తర్వాత చెదల బొరియలన్నీ తవ్వి, కొత్తమట్టి వేసి, తొక్కడం మొదలుపెట్టాడు. అంతలో కింద్నుంచి డప్పుల మోత వినిపించింది. పల్లంవాళ్ళు ఊరేగింపుగా వస్తున్నారు. అందరి భుజాల మీదా చెరకు గడలు!

"కాలవ ఒడ్డుకి కొట్టుకొచ్చాయి తమ్ముడూ. మేం ఏరుకొచ్చాం. కొన్ని ఏదుపంది పిల్లలు నమిలేశారు, అది ముందే చెప్పేస్తున్నా" అంది చెంగమ్మ.

ఆ గడల్ని ముక్కలుగా నరికి, అరటితోట పక్కన మెట్ట మీద అందరూ కలిసి నాటారు. ఈసారి నీళ్ళ దారిలో ఒక్క ముక్క కూడా పెట్టలేదు. చెరకు మళ్ళీ మొలిచింది. మరుసటి ఏడు అడవి అంతటికీ సరిపడా పండింది.

అప్పట్నుంచి అక్కడొక ఆచారం వచ్చింది. ఏటా వానలకి ముందు అందరూ కలిసి కట్ట మీద నడుస్తారు. కట్ట గుబురయ్యదే. చూసే కళ్ళు మాత్రం అందరివీ. పొలుసమ్మ చెదలు వెతుకుతుంది, గుబురయ్య వెనకాలే బొరియలు పూడుస్తాడు. చెంగమ్మ అడుగున ఊట చూస్తుంది. చివరికి అలుగు దగ్గర ఆగి, రాళ్ళ మీద పడిన చెత్తంతా ఎత్తిపోస్తారు.

అప్పుడు గుబురయ్య పిల్లల్ని దగ్గరికి పిలుస్తాడు. ఒక్కొక్కరి చెయ్యీ పట్టుకుని తాత రాళ్ళ మీద పెట్టిస్తాడు.

"ఇది అలుగు. దీన్ని ఎవరూ, ఎప్పుడూ మూయకూడదు. అదిగో, అక్కడ కూర్చుని చెదలు తింటున్నావిడ కూడా అలుగే. కానీ ఆవిణ్ణి మనం పొలుసమ్మ అందాం. అర్థమైందా?" అంటాడు.

పిల్లలు తలూపుతారు.

"ఊహుఁ, తలూపితే ఒప్పుకోను" అంటాడు గుబురయ్య. "అర్థమైతే ఏం అర్థమైందో నోటితో చెప్పండి. కాకపోతే అడగండి. ఎన్నిసార్లడిగినా చెప్తాను."

నీతి: కట్ట నీ సొంతమే కావచ్చు, అది తెగితే మునిగేది అందరూ. కాబట్టి నీదైనదాన్ని నలుగురి క్షేమం కోసం కాపాడు. ఎలా కాపాడాలో తెలియకపోతే ఊరికే తలూపకు, అడుగు.